తారుమారు గదిలో ఆఖరి కేసు

సభకు పెద్దగా కూర్చున్న జడ్జిగారికి, వారి పక్కన కుర్చీ చాలక కాస్త ఒదిగి కూర్చున్న సీనియర్ వకీలుగారికి, నా తోటి మధ్యవర్తులకు, గుమాస్తాలకు, ఒకప్పుడు ఒకరి మీద ఒకరు కేసులు వేసుకుని ఇవాళ పక్కపక్కనే కూర్చుని టీ తాగుతున్న మా పాత కక్షిదారులకు, తలుపు దగ్గర కూర్చుంటే త్వరగా బయటపడొచ్చని చివరి వరసలో సర్దుకున్న మా ఆయనకు, పేరుపేరునా నా నమస్కారాలు. (నవ్వులు)

మొదలుపెట్టక ముందే ఒక విషయంలో మీరంతా నన్ను మన్నించాలి. నేను మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ పక్క తలుపు వైపు చూస్తుంటాను. జడ్జిగారు నన్ను పొగుడుతున్నంతసేపూ కూడా అటే చూశాను. పాపం వారు నాకు సిగ్గేసి మొహం తిప్పుకుంటున్నానని అనుకుని, ఇంకా చెప్పాల్సిన నాలుగు మంచి మాటలు మింగేశారు. సిగ్గూ లేదు, ఏమీ లేదండీ, ఆ మాటలు తర్వాత తీరిగ్గా చెప్పండి, వింటాను. (నవ్వులు) సంగతేమిటంటే, ఆ తలుపు అవతల మా చిన్న గదిలో నా ఆఖరి కేసు నడుస్తోంది. ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక బల్ల, అంతే. మధ్యవర్తి లేదు, వకీళ్లు లేరు. మా గుమాస్తా బయట నిలబడి తలుపుకున్న అద్దంలోంచి చూస్తున్నాడు. ఆఫీసు మూసేలోగా వాళ్లిద్దరూ ఒక మాట మీదకు వస్తే రాజీ కాగితం రాసుకుంటాం. రాకపోతే మాకిచ్చిన గడువు ఇవాళ్టితో సరి, ఫైలు పై అంతస్తుకి, కోర్టు హాల్లోకి వెళ్లిపోతుంది. అందుకే ఈ మైకు ముందు నిలబడింది సగం మనిషే. మిగతా సగం ఆ తలుపుకి చెవి ఆనించి ఉంది. నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. రిటైరయ్యే రోజున కళ్లనీళ్లు పెట్టుకోవాలని మా అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది గానీ, నాకు ఇవాళ పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డట్టుంది.

ఎవరా ఇద్దరు అంటారా? పిటిషన్లో ఉన్న సంగతులు కింద నోటీసు బోర్డు మీదే ఉన్నాయి కాబట్టి అంతవరకు చెప్పడానికి అడ్డు లేదు. ఒకాయన డ్రైవింగ్ మాస్టారు. ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మంది మొదటిసారి క్లచ్ తొక్కింది ఆయన పక్కన కూర్చునే. సీనియర్ వకీలుగారూ, మీరు తల దించుకోనక్కర్లేదు, మీరు కోర్టు గేటుని గుద్దిన రోజున ఆయన మీ పక్కన లేరని అందరికీ తెలుసు. (నవ్వులు) రెండో మనిషి ఆ మాస్టారి కూతురు. డ్రైవింగ్ స్కూలు ఇప్పుడు ఆమె పేరు మీద ఉంది. స్కూలున్న షెడ్డు మాత్రం తండ్రిది, కాబట్టి కూతురు ఆయన దగ్గర అద్దెకున్నట్టు. స్కూలు కారు, అదేనండీ, మాస్టారు కూర్చునే సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుందే, ఆ పాత కారుని కూతురు తండ్రి దగ్గర కొనుక్కుంది, కానీ కాగితాలు మార్పించుకోవడం మర్చిపోయారు, సొంత మనుషులు కదా. తండ్రి ఆ స్కూల్లోనే, కూతురి దగ్గరే, జీతానికి పాఠాలు చెప్పేవారు.

ఒకరోజు కూతురు, ఇక మీదట పాఠాలు చెప్పొద్దు, ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమంది. ఎందుకని ఆయన అడిగితే, వయసైంది కదా అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన ఒంటికాలి మీద లేచారు. షెడ్డు ఖాళీ చెయ్యమని నోటీసు, కారు వెనక్కిమ్మని నోటీసు, అన్యాయంగా పనిలోంచి తీసేశారని ఇంకో నోటీసు. ఆమె వకీలు ఊరుకుంటారా, అన్నిటికీ జవాబులిచ్చారు. మా గుమాస్తా బల్ల మీద దొంతరలుంటాయి, అద్దెవి ఒకటి, బండ్లవి ఒకటి, పనీ జీతాలవి ఒకటి, కుటుంబాలవి ఒకటి. ఈ ఫైలు పట్టుకుని పాపం ఆయన ఒక దొంతర మీద పెడతాడు, తల గోక్కుంటాడు, తీసి ఇంకో దొంతర మీద పెడతాడు, చివరికి విసిగిపోయి కిటికీలో పెట్టాడు. ఏడాదిగా అది కిటికీలోనే ఉంది. ఆ ఏడాదీ తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు ప్రతివాది అనే అన్నారు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో నీళ్లు తాగుతూ, ప్రతివాదిగారు గది లైటు ఆర్పడం లేదని వకీలు చేత ఉత్తరం రాయించుకున్నారు.

గెలవాల్సిన కేసు కాదిది. పైకి పోతే జడ్జిగారు చట్టం ఎలా చెబితే అలా తీర్పిస్తారు, వారికి వేరే దారి లేదు. షెడ్డు ఒకరికి పోతుంది, కారు ఒకరికి పోతుంది, స్కూలు మూతబడుతుంది, ఆ ఇంట్లో మళ్లీ మాటలుండవు. అది నా భయం.

(విరామం) లేదు లేదు, గుమాస్తా కాదు, ఎవరో టీ కప్పులు తీసుకెళ్తున్నారు.

సరే, ఇంతమంది వచ్చారు, మా గది కథ చెప్పకపోతే బాగుండదు. నన్ను తారుమారు మేడమ్ అంటారని నాకు తెలియదనుకుంటారు చాలామంది. లిఫ్టులో వెనకనుంచి అనుకుంటుంటే వినబడుతూనే ఉంటుంది. ఆ పేరెలా వచ్చిందో కొత్తగా వచ్చిన వకీళ్లకి తెలియదు, కాబట్టి చెబుతాను. ఇందులో ఉన్నవాళ్లంతా ఈ హాల్లోనే ఉన్నారు, చెప్పమని వాళ్లే నన్ను తరుముతుంటారు.

నేను ఈ రాజీ కేంద్రంలో చేరిన కొత్తలో, ఒకే పొద్దున రెండు కేసులొచ్చాయి. ఒకటి మన దర్జీ అమ్మది. అదిగో, నీలం చీర కట్టుకుని నవ్వు ఆపుకుంటోందే, ఆవిడే. అద్దెకున్న ఇల్లు వానకి కారుతోంది, కుట్టు మిషను మీదే కారుతోంది, ఓనరు పట్టించుకోవడం లేదని ఆవిడ ఫిర్యాదు. రెండోది మన ఫోటోగ్రాఫర్‌ది. సొంత బావ దగ్గర పాత కారు కొన్నాడు, ఆయిల్ కారుతోంది, బావ ఫోనెత్తడం లేదు. అప్పట్లో మా గుమాస్తా కేసు సంగతి చిన్న చీటీ మీద ఒక్క మాటలో రాసుకుని, వరండాలోకి వెళ్లి పిలిచేవాడు. ఒక చీటీ మీద కారు అని ఉంది. రెండో చీటీ మీద కూడా కారు అని మొదలుపెట్టి, కారుతున్న ఇల్లు అని పూర్తి చేసే లోపల ఎవరో పిలిస్తే లేచి వెళ్లాడు. తిరిగొచ్చి రెండు చీటీలూ చూసుకుని, కారు వాళ్లు లోపలికి రండి అని కేకేశాడు. ఇంటి ఓనరుగారు తన కేసు కారడం గురించే కదా అని లేచారు. ఫోటోగ్రాఫర్ తన కారు కదా అని లేచాడు. తప్పు గుమాస్తాది కాదు, తెలుగుది. (నవ్వులు, చప్పట్లు)

ఇద్దరూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఒకరికొకరు ముక్కూ మొహం తెలియదు. ఈ అబ్బాయి దర్జీ అమ్మకి తమ్ముడేమో, ఆవిడ తరఫున వచ్చాడని ఓనరుగారి ఊహ. బావకి మొహం చెల్లక పెద్దమనిషిని పంపించాడని ఫోటోగ్రాఫర్ ఊహ. నేనా, మొదటిరోజుల మనిషిని, ముందు వినాలి, తర్వాతే ఫైలు చూడాలి అని శిక్షణలో చెప్పారు కాబట్టి బుద్ధిగా వింటున్నాను.

కారుతుందని ఇచ్చేటప్పుడు ఒక్క మాటైనా చెప్పలేదేమని ఫోటోగ్రాఫర్ నిలదీశాడు. చూసుకునే కదా తీసుకున్నారు, అప్పుడు రంగు కూడా వేయించి ఇచ్చాం అన్నారు ఓనరు. రంగు వేస్తే కారడం ఆగుతుందా అని ఇతను. ముందున్నవాళ్లు సరిగ్గా వాడుకోలేదండీ, వాళ్లు చేసిన పాపం అని ఆయన. రోజూ కింద గిన్నె పెడుతున్నాను, పొద్దున లేచేసరికి సగానికి వస్తోందని ఇతను చెప్పేసరికి ఓనరుగారి మొహం మారిపోయింది. గిన్నె పెడుతున్నారా అన్నారు మెల్లగా. మా ఆవిడ వంటింట్లో వెతుక్కుంటోంది ఆ గిన్నె కోసం అన్నాడితను. ఆయన కాసేపు ఆలోచించి, పొరపాటు మాదే బాబూ, నా మనిషిని పంపించి బాగు చేయిస్తాను, మోటారైతే ఈమధ్యే మార్పించాను, దానికి ఢోకా లేదు అన్నారు. మోటారు కొత్తదా అని ఇతను పొంగిపోయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నా ఆనందం చెప్పలేను, మొదటి కేసే రాజీ, కాగితం తీసి రాయబోతున్నాను. అంతలో ఓనరుగారు మంచి ఊపులో ఉన్నారేమో, అంత ఇబ్బంది పడ్డారు కాబట్టి వెనకవైపు బాత్రూమ్ కూడా బాగు చేయిస్తానన్నారు.

ఫోటోగ్రాఫర్ నా వైపు చూశాడు. నేను ఓనరు వైపు చూశాను. (నవ్వులు ఆగలేదు)

నవ్వండి, నవ్వండి. ఆరోజు నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. కానీ తర్వాత జరిగింది వినండి. ఓనరుగారు వరండాలోకి వెళ్లి, దర్జీ అమ్మ దగ్గర నిలబడి, ఇప్పుడే లోపల మాటిచ్చేశానమ్మా, ఎవరికిచ్చానో సరిగ్గా తెలియదు గానీ ఇచ్చిన మాట ఇచ్చినట్టే, రేపు మనిషిని పంపిస్తానన్నారు. అంతకుముందు వాళ్లిద్దరూ మెట్ల దగ్గర ఎంతసేపు అరుచుకున్నారో వరండా అంతా విన్నది. ఫోటోగ్రాఫర్ కూడా బావ పక్కన కూర్చుని, మోటారు సంగతి కాదు బావా, నువ్వు ఫోనెత్తకపోతే అక్కకి నా మొహం ఎలా చూపించను అన్నాడు. అదీ అసలు కేసు. కారు కాదు. పిటిషన్లో ఆ మాట ఎక్కడా లేదు.

ఆ రాత్రి మా ఆయన బుర్ర తినేశాను. మీతో గొడవొస్తే మీకు చెప్పలేనిది పక్కింటావిడకి ఎందుకు చెప్పగలను అని అడిగాను. పక్కింటావిడ వింటుంది కాబట్టి అన్నారు ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా. (నవ్వులు) తెల్లారి జడ్జిగారి దగ్గరికెళ్లాను. కావాలనే మనుషుల్ని మార్చి కూర్చోబెడతానన్నాను. వాళ్లకిష్టమైతేనే, ఒక కేసులో ఫిర్యాదీని ఇంకో కేసులో ప్రతివాది ఎదురుగా. ఎదుటివాళ్లు తన ప్రతివాదే అనుకుని మనసులో ఉన్నదంతా కక్కేయాలి. ఎదుటివాళ్లు ఊరికే వినకూడదు, తన సొంత గొడవలో తను చెప్పుకునే జవాబులే చెప్పాలి. ఆ గదిలో విన్న మాట ఆ గదిలోనే ఉండాలి, అది గట్టి నియమం. తర్వాత అసలు జంటల్ని కలిపి కూర్చోబెడతాం. సీనియర్ వకీలుగారు అప్పుడు ఎంత కోప్పడ్డారో, ఇది ఏ సెక్షన్ కింద అన్నారు. జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఏ సెక్షన్ కిందా రాదు కాబట్టి ఏ సెక్షనూ అడ్డు రాదు, కానివ్వండి అన్నారు. అయ్యా, ఆ రోజు మీరు ఆ మాట అనకపోతే ఇవాళ నన్ను ఎవరూ ఏ పేరుతోనూ పిలిచేవారు కాదు. మీకు నేను చాలా రుణపడి ఉన్నాను, ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. (చప్పట్లు)

అన్నీ కుదిరాయని చెప్పను. ఒకసారి రెండు జంటలూ కలిసి మా మీదే ఫిర్యాదు రాశారు. కానీ కుదిరినవి ఎలా కుదిరాయో చూస్తే ముచ్చటేసేది. ఒక హోటల్ యజమాని వచ్చారు, వంటవాళ్లకి సెలవివ్వరని కేసు. ఈ కథ ఆయనే ఊరంతా చెప్పుకున్నారు కాబట్టి నేనూ చెప్పొచ్చు. ఆయన ఎదురుగా ఇంకో కేసులో ఒక ఇల్లాలిని కూర్చోబెట్టాను. మా ఆయన ఇంటి మొహం చూడడు, పిల్లల మొహం చూడడు, బళ్లో రమ్మంటే రాడు, జ్వరమొస్తే రాడు, అడిగితే ఓనరు వదలడంటాడు అని ఆవిడ ఏకరువు పెడుతోంది. ఈయన చాలాసేపు విని, జాలిపడి, వాళ్ల ఓనరు ఎవరోగానీ మరీ మనిషి కాదమ్మా అన్నారు. అని, అలాగే నోరు తెరిచి ఉండిపోయారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను, నవ్వితే బాగుండదని. ఆ హోటల్ వాళ్లే ఇవాళ మీకు టీ పంపించారు. వంటాయన మాత్రం రాలేదు, సెలవులో ఉన్నాడట. (నవ్వులు)

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది పెద్ద చదువేమీ కాదు. సొంతవాళ్ల ముందు మనకి నోరు రాదు. కోపం వస్తుంది, అరుపు వస్తుంది, నోటీసు వస్తుంది, అసలు మాట మాత్రం రాదు. బయటివాళ్ల ముందు అయితే నీళ్లలా వచ్చేస్తుంది. ఇందులో నాకు ఎప్పుడూ కాస్త దిగులే. మనిషి తన జీవితంలోని అతి ముఖ్యమైన మాట ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పుకుని వెళ్లిపోతాడు. ఆ మాట ఎవరికి చెందాలో వాళ్లు పక్క గదిలో కూర్చుని ఉంటారు, మధ్యలో ఒక గోడ.

ఇవాళ పొద్దున అదే జరిగింది.

ఈ తండ్రీ కూతుళ్లు ఏడాదిగా తారుమారుకి ఒప్పుకోలేదు. మా మధ్య సంగతి వేరేవాళ్లకెందుకని ఆయన, ప్రతివాదిగారు ఒప్పుకుంటే చూద్దామని ఆమె. ఇవాళ ఆఖరిరోజని తెలిసి ఇద్దరూ ఒప్పుకున్నారు. అదే సమయానికి ఇంకో కేసు తయారుగా ఉంది, ఒక నర్సమ్మ, ఆవిడ ఇంటి ఓనరు తాతగారు. రాత్రి డ్యూటీకి వెళ్లొచ్చి గేటు చప్పుడు చేస్తోందని ఆయన, తలుపు లోపల గొళ్లెం పెట్టేస్తున్నారని ఆవిడ. మాస్టారిని నర్సమ్మ ఎదురుగా కూర్చోబెట్టాను. కూతుర్ని తాతగారి ఎదురుగా కూర్చోబెట్టాను. కాసేపు ఈ గదిలో, కాసేపు ఆ గదిలో, రెండు చోట్లా ఉన్నది నేనొక్కదాన్నే.

అక్కడ మాస్టారు నర్సమ్మకి ఒక మాట చెప్పారు. ఇక్కడ కూతురు తాతగారికి ఒక మాట చెప్పింది. అది ఒకే మాట. ఆయన తన గురించి చెప్పారు, ఆమె ఆయన గురించి చెప్పింది, అంతే తేడా. ఇద్దరూ అది రెండోవాళ్లకి తెలియకూడదనే ఇంత యుద్ధం చేశారు. అదేమిటో మీకు చెప్పను, చెప్పకూడదు. వాళ్లిద్దరికీ కూడా చెప్పకూడదు, అది మరీ కష్టం. గోడకి ఇటొకరు, అటొకరు ఏడుస్తుంటే, ఇద్దరి మాటా తెలిసిన నేను నోటికి తాళం వేసుకుని మధ్య వరండాలో నిలబడ్డాను. పెట్టిన నియమాన్ని ఆఖరిరోజున నేనే తుంచేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. తుంచలేదు. వాళ్ల మాట వాళ్ల నోటితోనే రావాలి. నేను మోసుకెళ్తే అది నా మాట అయిపోతుంది.

నర్సమ్మదీ తాతగారిదీ గొడవ మధ్యాహ్నం భోజనాల వేళకే తేలిపోయింది. గేటుకి నూనె వేస్తామని ఒకరు, గొళ్లెం తీసేస్తామని ఒకరు. అయినా ఇంటికి వెళ్లకుండా ఇద్దరూ అదిగో ఆ మూల కూర్చున్నారు. ఎందుకో నాకు తెలుసు. ఇద్దరికీ నాలుక దురదగా ఉంది. పొద్దుటినుంచి ఒకరికొకరు కూడా చెప్పుకోకుండా బిస్కెట్లు నోట్లో కుక్కుకుంటున్నారు. (నవ్వులు) తల్లీ, నువ్వు నోరు కట్టుకున్నందుకు నీకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఇక నా గురించి నాలుగు మాటలు రాసుకొచ్చాను, కాగితం ఇదిగో. మా అక్క చెప్పినట్టు కన్నీళ్లు వచ్చే చోట గుర్తు కూడా పెట్టుకున్నాను. ఈ ఉద్యోగంలో నా జుట్టు నెరిసింది. పగలంతా ఊరి గొడవలు విని ఇంటికెళ్తే, కూరలో ఉప్పు తక్కువైందని మా ఆయన అంటే, మీరు దీన్ని పక్కింటాయనతో చెప్పుకుని రండి అనేదాన్ని. ఆయన నిజంగానే వెళ్లి చెప్పుకునేవారు. పక్కింటాయన...

(విరామం)

ఒక్క నిమిషం. గుమాస్తా తలుపు తీశాడు. చెయ్యి ఊపుతున్నాడు. ఏమయ్యా, ఆ ఊపడం రమ్మనా, వద్దనా? మొహం చూస్తే తెలియడం లేదు, ఎన్నేళ్లైనా ఈ మనిషి మొహం నాకు అర్థం కాదు. పక్కకు తప్పుకో, వాళ్లని రానీ.

వస్తున్నారు. ఇద్దరూ వస్తున్నారు. ఒకే తలుపులోంచి. (సభలో కదలిక)

కూర్చోండి అందరూ, దయచేసి లేవకండి. మాస్టారూ, ఇటు రండి, ఈ పక్క మెట్లున్నాయి. ఏమిటంటున్నారు? మైకా? నాకు రాజీయో కాదో చెబితే చాలు కదా... సరే, తీసుకోండి. జడ్జిగారూ, మీ అనుమతితో.

(డ్రైవింగ్ మాస్టారు మైకు అందుకున్నారు.)

"అమ్మా, పెద్దలందరికీ నమస్కారం. నాకు మాట్లాడడం రాదు. పక్కన కూర్చుని బ్రేకు తొక్కడమే వచ్చు. నాకు కుడివైపు చూపు పోయింది. ఎదురుగా చూస్తుంటే అటువైపు మనిషి ఉన్నా, బండి ఉన్నా తెలియదు. చాలామందికి పాఠాలు చెప్పినవాణ్ణి, ఈ మాట మా అమ్మాయికి తెలిస్తే నేను చిన్నబోతానని దాచాను. పని తీసేసిందని కేసు వేశాను. మా అమ్మాయికి అప్పటికే తెలుసంట. చెబితే నేను చిన్నబోతానని అదీ దాచింది. వయసైందని అబద్ధం చెప్పింది. ఇందాక లోపల నేనే చెప్పాను. ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నా, ఇక దాచేది లేదని. రాజీ కాగితంలో నాదొకటే షరతు. నా గురించి ఏం తెలిసినా అది నాకు చెప్పాలి, దాచకూడదు."

(కూతురు ఆయన చేతిలోని మైకు దగ్గరికి వంగింది.)

"నువ్వు కూడా, నాన్నా."

(చప్పట్లు. చాలాసేపు.)

గుమాస్తాగారూ, రాసుకున్నారా? రాసుకోండి. షెడ్డు ఎవరిది, కారు ఎవరి పేరు మీద, అవన్నీ కింద తర్వాత రాద్దాం, మాస్టారు స్కూల్లో కూర్చుని రోడ్డు గుర్తుల పాఠం చెబుతానన్నారట, ఆ జీతం సంగతి కూడా వాళ్లే చెబుతారు. ముందు ఆ షరతూ దాని జవాబూ అన్న మాటలతోనే రాయండి. ప్రతివాది అని రాయకండి. నాన్న అని రాయండి. జడ్జిగారు ఏ సెక్షన్ అని అడగరు, నేను చూసుకుంటాను.

సీనియర్ వకీలుగారూ, మీ జేబురుమాలు ఒకసారి ఇలా ఇస్తారా? మా అక్క గెలిచింది. (నవ్వులు)

ఈ కాగితంలో మిగిలింది చదవను. సంతకాలు చేయించాలి, ఆఫీసు మూసే వేళైంది, ఇంకా కాసేపు నేను ఈ కుర్చీ మనిషినే. కానీ వెళ్లేముందు ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మాస్టారూ, ఇది ఆ గదిలో విన్నది కాదు, వరండాలో అందరూ చూసిందే, కాబట్టి చెప్పొచ్చు. ఏడాదిగా వాయిదా ఉన్న ప్రతిసారీ మీరు ఆ పొడుగు వరండాలో నడిచి వచ్చేవారు. మీ అమ్మాయి వేరే ఆటోలో వచ్చి, గేటు దగ్గర ఆగి, మీరు దిగాక మీ వెనకే లోపలికి వచ్చేది. మాట లేదు, పలుకు లేదు. ఇంత కోపం పెట్టుకుని ఈ అమ్మాయి ఆయన్ని అంటుకున్నట్టు ఎందుకు నడుస్తుందా అని మేం చాటుగా అనుకునేవాళ్లం. పంతమేమోనని గుమాస్తా అన్నాడు, నేనూ అవునేమో అనుకున్నాను. ఎప్పుడూ మీ కుడిపక్కనే నడిచేదండీ. వచ్చేపోయేవాళ్లు మీకు తగలకుండా భుజం అడ్డం పెట్టి నడిచేది. అటువైపు మీకు కనపడదు కాబట్టి, తను ఉందన్న సంగతి కూడా మీకు తెలియలేదు.

(విరామం)

ఇన్నాళ్లు నన్ను భరించిన పెద్దలకు, నాతో పోట్లాడిన వకీళ్లకు, పోట్లాడుకుని నాకు ఇంత బతుకునిచ్చిన కక్షిదారులకు, మా ఆయనకు, అందరికీ నా కృతజ్ఞతలు. పదండి మాస్టారూ, సంతకం పెడుదురుగాని. కిందికి దిగేటప్పుడు కుడివైపు కాస్త చూసుకో... అక్కర్లేదులెండి. అమ్మాయి అటే వెళ్లి నిలబడింది.

సెలవు.